ఎదురు పురి

దాన్ని దుఃఖం అనవచ్చో లేదో నాకప్పటికి తేలలేదు, ఎందుకంటే దుఃఖానికి ఒక మొదలుండాలి. ఒక కబురు, ఒక కేక, ఎవరో గుమ్మంలో నిలబడి తల దించుకోవడం. నాకు అవేవీ జరగలేదు. నా భర్త దర్తా సూరచేపల వేటకు వెళ్లాడు. ఆయన పడవ, పక్కన తేలే దుంగ రెక్క ఒకటి విరిగి, జలసంధికి అవతలి దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులో వల ఉంది, నీళ్ల డబ్బా ఉంది, మనిషి లేడు. అంతే. ఆ తర్వాత వానలు పడి వెళ్లిపోయాయి. కొండవాలులో పత్తి మొలిచింది, పూసింది, కాయలు పగిలాయి. నేను మాత్రం ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియని మనిషిలా ఉండిపోయాను. అన్నం వండేటప్పుడు గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేదాన్ని. పోశాక తీసేదాన్ని. తీశాక, తీసినందుకు భయపడి మళ్లీ పోసేదాన్ని. చాప మీద ఆయన పడుకునే వైపు ఖాళీగా వదిలేదాన్ని. అది ప్రేమా అలవాటా అని ఆలోచిస్తే, ఆ రెంటికీ తేడా నాకు అంతకుముందు మాత్రం తెలుసా అనిపించేది.

ఒకరోజు గిన్నెలు తోముతుంటే ఆయన ముఖం గుర్తు రాలేదు. మెడ గుర్తుంది, వీపు గుర్తుంది, వల భుజాన వేసుకున్నప్పుడు ఒక పక్కకి ఒరిగే నడక గుర్తుంది. ముఖం ఉండాల్సిన చోట వెలుతురు ఉంది, ఎండకు అడ్డంగా నిలబడ్డ మనిషిని చూసినట్టు. నేను భయపడలేదు. భయపడనందుకు భయపడ్డాను.

తూర్పుగాలి కట్టిన ఆ పత్తికాలమంతా అత్తా నేనూ స్తంభాల మీద లేపిన గాదె కింది అరుగు మీద రాట్నాలు వేసుకొని కూర్చునేవాళ్లం. ఊళ్లో ఆమెను మెన్ లంద్రా అంటారు, లంద్రా తల్లి అని. పెద్ద బిడ్డ పేరుతో తల్లిని పిలవడం మా వాడుక. రెండో కొడుకు పేరు ఆమె పేరులోకి ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఉండి కూడా ఈ సంగతి నాకు ఆ ఏడాదే తట్టింది.

మా వాడలో పుట్టుకకైనా చావుకైనా తెల్లదారం ఆమె దగ్గరినుంచే వెళ్లాలి. అంగడిలో రీలు దొరుకుతుంది, కానీ రీలుతో పని కానిస్తే ఏదో ఎగ్గొట్టినట్టు ఉంటుంది జనానికి. ఆమె తీసేది రెండు రకాలు. చేతికి కట్టే దారం ఒకటి, తెంచే దారం ఒకటి. దూరంనుంచి చూస్తే రెండూ ఒకటే. కట్టేదాన్ని పొడుగు పీచు ఏరి, నిండా పురి పెట్టి, రెండు పేటలు కలిపి, మళ్లీ వెనక్కి పురి ఎక్కించేది. తెంచేది ఒంటిపేట. పొట్టి పీచు, అంటీ అంటని పురి. చావు జరిగిన ఇంటి వాకిట్లో రెండు బాడిద కొమ్మలు పాతి, వాటి మధ్య ఆ దారం కడతారు. ఇంటివాళ్లు ఒక్కొక్కరూ దాన్ని గుండెతో తెంచుకుంటూ బయటికి నడుస్తారు. తెగితే పోయినవాడు వెళ్లిపోవచ్చు. ఉన్నవాళ్లు ఉండిపోవచ్చు.

"తెగే దారం తీయడమే కష్టం పిల్లా," అనేది అత్త, ఏకు లాగుతూ. "గట్టిది ఎవరైనా తీస్తారు. ఇది తీసేటప్పుడు తెగకూడదు, కట్టేటప్పుడు తెగకూడదు. మనిషి తగిలాక తెగకపోతే నా పరువు పోతుంది."

ఆమె పరువు ఎప్పుడూ పోలేదు.

మా బావగారు లంద్రా ఆ అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డ రోజు నాకు బాగా గుర్తు. ఆయన పడవలు చెక్కే వడ్రంగి. తల్లి తీసిన దారానికే మసి పూసి చెక్క మీద గీత కొడతాడు. వేరే దారం వంకర పోతుందంటాడు. ఆ రోజు చెవి వెనక పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు, ఏదో చెప్పడానికి వచ్చినవాడిలా.

"వాడ పెద్దలు తేల్చారమ్మా. పత్తి తీతలయ్యాక దహనాలు. పాతిపెట్టి ఉంచినవాళ్లందరివీ కలిపి."

"మంచిదేగా. మనవాళ్లెవరున్నారు?"

"చిన్నాయన ఉన్నాడు. మట్టిలో ఉండి ఉండి విసిగిపోయుంటాడు."

"ఊఁ. ఇంకా?"

"ఇంకా వాడు."

"వాడెవడు?"

"అమ్మా."

రాట్నం ఆగలేదు. అత్త ఏకు చివర తడి చేసుకొని ఇంకో ఏకు అతికింది.

"మీ చిన్నాయన మట్టిలో ఉన్నాడు, తవ్వితే వస్తాడు. వీడు నీళ్లలో ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు? దేన్ని తీసుకొచ్చి కాలుస్తావు?"

"తాటాకు మీద బొమ్మ గీస్తారు. ఒడ్డున నిలబడి పిలుస్తారు. మనకు కొత్తా ఏంటి?"

"పిలిస్తే వచ్చేవాడైతే అన్నానికి పిలిచినప్పుడే వచ్చుండేవాడు."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. దర్తాను అన్నానికి పిలవడం నిజంగానే పెద్ద పని. బావగారు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

"ఇది దాటితే మళ్లీ ఎన్నేళ్లకో," అన్నాడు. "అందాకా వాడు ఎక్కడుంటాడు చెప్పు. మన ఇంటి గుళ్లో తాతల పక్కన చోటు లేదు, అటు మట్టిలోనూ చోటు లేదు. గాలికి తిరుగుతుంటాడా?" అని నా వైపు తిరిగాడు. "సాసీ, నువ్వేమంటావు?"

"అత్తమ్మ ఎలా అంటే అలా."

అది వినయం కాదు. నాకు ఏం కావాలో అప్పటికే తెలుసు. ఎవరో ఒకరు వచ్చి, ఇక చాలు, నువ్వు ఫలానా అని చెప్పాలి. భార్యవి, లేదా భార్యవి కాదు. ఏదైనా సరే. ఆ చెప్పేది మాత్రం నేను కాకూడదు. ఆ దారం తెగితే నేను ఎదురుచూడటం మానవచ్చు. తెగకపోతే ఇంకో దహనాల కాలం దాకా ఇదే అరుగు, ఇదే రాట్నం, ఇదే గుప్పెడు బియ్యం. తెగాలని నా లోపల ఎవరో కూర్చుని కోరుకుంటున్నారు. ఆ కోరుకోవడం ఒక హత్యలా ఉంది నాకు. ఆయన బతికే ఉండి, నేను కోరుకోవడం వల్లే చచ్చిపోతే? ఇలాంటి ఆలోచన పిచ్చిది అని తెలుసు. తెలిసినంత మాత్రాన అది కదలదు.

తోడికోడలు కెర్తి మాత్రం ఇవన్నీ ఒక్క పట్టున తేల్చేసేది. ఇద్దరం పత్తి గింజ తీస్తుంటే, "నీకేమే, తెగిందంటే మీ పుట్టింటికి పోయి మళ్లీ కన్నెపిల్లవి కావచ్చు," అంది. "నాకా అదృష్టం లేదు. మా ఆయన పడవలు చేస్తాడే గానీ ఎక్కడు."

"నీ నోరు పడిపోను."

"పడిపోతే మన అత్తకు పండగ." గింజల చేటను ఒకసారి ఎగరేసి పట్టుకొని నా ముఖంలోకి చూసింది. "అయినా నువ్వు ఏడవ్వేమే? ఊరంతా చూస్తోంది."

"వస్తే ఏడుస్తాను."

"అదేమన్నా బస్సా, వచ్చేదాకా నిలబడటానికి?"

కెర్తి చేట కింద పెట్టింది. తర్వాత మెల్లగా, "మీ అమ్మ కబురు పంపిందట కదా, అయ్యాక తీసుకుపోతామని," అంది.

"పంపింది."

"పోతావా?"

"ముందు కానీ. ఏదో ఒకటి కానీ."

"అత్త కానిస్తుందా అసలు?" అని గొంతు తగ్గించింది. "ఆవిడ వాడి పుట్టినరోజు చేస్తానంటోంది. మా ఆయన నిన్న అన్నం కూడా సరిగ్గా తినలేదు."

నిజమే. మా పంచాంగంలో పుట్టినరోజు ఏడాది తిరక్కముందే మళ్లీ వస్తుంది. దర్తాది దహనాల పనులు మొదలయ్యే ముందే వచ్చి పడింది. బొమ్మకు తాటాకు కోశారంటే ఇంటికి మైల వచ్చినట్టే. మైలలో పుట్టినరోజు చేయకూడదు. అత్త ముందే లెక్క చూసుకొని కూర్చుంది. తాటాకు కోసేది మర్నాడనగా, పొద్దున్నే లేచి అన్నం గోపురంలా పోసింది, కోడిని కాల్చింది, అరటిపళ్లూ పూలూ పేర్చింది. తూర్పు అరుగు మీద దర్తా తలగడ వేసి, దాని మీద ఆయన నీలం చొక్కా పరిచింది. చేతులు రెండూ ఇటూ అటూ చాచి ఉన్నాయి. ఇస్త్రీ చేయించినట్టుంది, మడతలు పదునుగా ఉన్నాయి.

బావగారు చిత్రిక పట్టిన చేతులతోనే వచ్చి ముంగిట్లో నిలబడ్డాడు. జుట్టు నిండా చెక్క పొట్టు.

"రేపు వాడికి తాటాకు కోస్తారమ్మా."

"కోయనీ. ఇవాళ్టి పని ఇవాళ్టిది."

"ఊళ్లో నవ్వుతారు."

"ఎవరు నవ్వేది? వాళ్ల పిల్లల చేతులకు కట్టింది నా దారం. నవ్వమను, విప్పి తెచ్చుకుంటాను."

ఆయన చెయ్యి విసిరి అరుగు చివర కూర్చున్నాడు. వెళ్లిపోలేదు. తమ్ముడి పుట్టినరోజు కదా.

అగరుబత్తి వెలిగించి, నీళ్లు చల్లి, అత్త చొక్కా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చుట్టలోంచి దారం తీసింది. దాన్ని చేతికి చుట్టేటప్పుడు అనే మాటలు మా వాడ పిల్లలందరికీ వచ్చు. నూలు గాజు తొడుగుతున్నా నాయనా, నీ నరాలు ఇనప తీగలు కానీ, నీ ఎముకలు ఇనుము కానీ. ఆమె "నూలు గాజు" దాకా అని ఆగిపోయింది. చొక్కా చేతిని ఎత్తి పట్టుకుంది. అది వేలాడింది. కట్టడానికి అందులో ఏమీ లేదు.

అలా ఎంతసేపు పట్టుకుందో. కెర్తి తల పక్కకు తిప్పుకుంది.

"సాసీ," అంది అత్త, నా వైపు చూడకుండానే. "నీ చెయ్యి ఇటు పెట్టు."

"నా చెయ్యా?"

"ఇందులో పెట్టు."

పెట్టాను. గుడ్డ చల్లగా ఉంది, సబ్బు వాసన. ఆయన వాసన పోయిందని అప్పుడే తెలిసింది. నా వేళ్లు చొక్కా చేతి చివర్నుంచి బయటికి వచ్చాయి, ఎవరివో వేళ్లలా. అత్త వాటిని ఒకసారి చూసింది. తర్వాత చొక్కా అంచును కొంచెం పైకి జరిపి, నా మణికట్టు చుట్టూ దారం తిప్పి, మిగిలిన మాటలు పూర్తి చేసింది. ఇనప తీగలు కానీ. ఇనుము కానీ. ముడి వేసి, చివర్లు పంటితో కొరికింది. ఆమె పెదవులు నా చర్మానికి తగిలాయి.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలల్లో నాకంటూ స్పష్టంగా వచ్చిన మొదటిది అదే. నన్ను ఆయన బదులు ఇక్కడ కట్టేస్తోంది. ఆయన లేని ఖాళీలోకి నన్ను దూర్చి, అది నిండింది అనుకుంటోంది. చెయ్యి లాక్కుందామనుకున్నాను. లాక్కోలేదు, ఎందుకంటే అదే సమయంలో ఇంకొకటి కూడా జరిగింది. ఎవరో నన్ను గట్టిగా పట్టుకున్నట్టనిపించి, వదిలితే బాగుండదనిపించింది. ఒకే మణికట్టు మీద ఈ రెండూ ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలియదు.

"విప్పకు," అంది. "తనంతట తాను చివికి తెగేదాకా ఉండనీ."

"అలాగే అత్తమ్మా."

"తిను ముందు. కోడి చల్లారిపోతోంది."

అందరం తిన్నాం. బావగారు కూడా తిన్నాడు. చొక్కా ముందు పెట్టిన ముక్క మాత్రం ఎవరూ ముట్టలేదు.

మర్నాడు తాటాకు కోశారు. మైల వచ్చింది.

నీళ్లలో పోయినవాళ్లను పిలవడానికి సముద్రం దగ్గరికి వెళ్లిన పూట అత్త రాలేదు. వాకిట్లో తెంచే దారం ఇంకా తీయలేదని, అది తీస్తానని ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆ మాట విని నాకు ఎంత తేలికయిందంటే, దారిలో నేను కెర్తి హాస్యాలకు నవ్వాను కూడా. ఒప్పుకుంది, అనుకున్నాను. పుట్టినరోజు చేసుకుంది, మనసు తీరింది, ఇక వదిలేస్తుంది.

నల్లరాళ్ల ఒడ్డు మీద పూజారి నీళ్లలోకి పూలు వదిలాడు. ఆయన ముసలివాడు. తాంబూలం నములుతూనే మంత్రాలు చెబుతాడు, రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. "మీ అత్త ఏదీ?" అన్నాడు.

"దారం తీస్తోంది."

"తీయనీ. ఆవిడ దారమైతే నాకు దిగులు లేదు." పక్కకు వెళ్లి ఉమ్మి వచ్చి, గొంతు సవరించుకున్నాడు. "పిలువమ్మా. గట్టిగా పిలవక్కర్లేదు, మామూలుగా పిలువు."

నేను మామూలుగానే పిలిచాను. అది నా నోట్లోంచి ఎలా వచ్చిందంటే, అన్నం వడ్డించి పెరటి గుమ్మంలోంచి పిలిచినట్టు వచ్చింది, కొంచెం విసుగుతో సహా. పిలిచాక అలవాటు కొద్దీ చెవి ఒగ్గాను. వస్తున్నా అంటాడని. అల రాళ్ల మీదికి వచ్చి, గులకరాళ్లను గలగలలాడించుకుంటూ వెనక్కి పోయింది. పూజారి కొబ్బరి చిప్పలో నీళ్లు ముంచి, తెల్లగుడ్డలో చుట్టిన తాటాకు బొమ్మ మీద చిలకరించి, "వచ్చాడు, పదండి," అన్నాడు.

దాన్ని నేనే మోసుకొచ్చాను. ఏమంత బరువు లేదు.

దహనం రోజు పొద్దున వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాం. వాడ చివర గంటల వాద్యం మొదలైంది. ఒక్కో ఇంటి ముందు ఆగుతూ అది మా వైపు వస్తుంది. అది మా గుమ్మం చేరేలోపు వాకిట్లో దారం తెగాలి, బొమ్మ బయటికి వెళ్లాలి. బావగారు రెండు బాడిద కొమ్మలు నరికి తెచ్చి గుమ్మానికి ఇటొకటి అటొకటి పాతాడు. పచ్చి కొమ్మలు, ఆకులు కూడా దూయలేదు. ఈ చెట్టు కొమ్మ ఎక్కడ గుచ్చితే అక్కడ చిగురిస్తుంది. ఇలాంటి పనికి దాన్నే ఎందుకు వాడతారో నాకెప్పుడూ అర్థం కాలేదు.

"దారం కోడలు కట్టాలి," అన్నాడు పూజారి.

అత్త తాటాకు పెట్టె నా చేతికిచ్చింది. అందులో చిన్న తెల్ల చుట్ట.

చివర దొరకబుచ్చుకొని లాగగానే నా వేళ్లకు తెలిసిపోయింది. రెండు పేటలు. నిండు పురి. నా మణికట్టు మీద ఉన్న దారమే అది, అదే చుట్టలోది. ఒకదాని మీద ఒకటి పెడితే ఏది ఏదో చెప్పలేరు.

అత్త వైపు చూశాను. ఆమె కొమ్మ మొదట్లో మట్టిని చూస్తోంది.

చెప్పవచ్చు. ఒక్క మాట చాలు, అత్తమ్మా, పొరపాటున వేరే చుట్ట వచ్చింది అని. పొరపాటు అంటే ఆమెకు వెనక్కి రావడానికి ఒక దారి కూడా ఉండేది. అక్కడున్న వాళ్లలో అప్పటికి ఆ తేడా తెలిసింది మా ఇద్దరికే. ఈ కొమ్మనుంచి ఆ కొమ్మకు కట్టాను. ముడి ఒకటికి రెండు వేసి బిగించాను. తెగాలని అన్ని రోజులు కోరుకున్నదాన్ని, ఆ ముడి ఎందుకంత బిగించానో.

బావగారు తెల్లచొక్కా గుండీలు సర్దుకొని ముందు నడిచాడు. దారం గుండెకు తగిలింది. ఆయన ఆగాడు. ఆ దారంతో రోజూ గీత కొట్టే మనిషి, తగలగానే తెలిసిపోయే ఉంటుంది. అయినా ఇంకో అడుగు వేశాడు. కొమ్మలు రెండూ లోపలికి వంగాయి. దారం వీణతీగలా బిగిసింది.

"మీ అమ్మ దారంరా, ఊరికే లొంగుతుందా," అన్నాడు పూజారి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "నెట్టు, నెట్టు."

నెట్టాడు. ఎడమ పక్క కొమ్మ మట్టితో సహా పైకి లేచి ఆయన కాళ్ల మీద పడింది. దారం దానికి అంటిపెట్టుకొని అలాగే ఉంది.

"చెట్టయితే వచ్చింది," అంది కెర్తి. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొమ్మను మళ్లీ పాతారు. ఒకదాన్ని పూజారి, ఒకదాన్ని కెర్తి పట్టుకున్నారు. బావగారు మళ్లీ వెళ్లాడు. ఈసారి దారం జారి మెడకు పడింది. వెనక్కి వచ్చి నిలబడితే గొంతు కింద సన్నటి ఎర్రగీత, చెక్క మీద కొట్టినట్టు తిన్నగా. గంటల వాద్యం పక్కింటి దాకా వచ్చి ఆగింది. వీధిలోంచి ఎవరో, "కత్తి తెండి, ఎంతసేపు," అన్నారు.

"కత్తి పెట్టకూడదు," అన్నాడు పూజారి. నమలడం మానేశాడు. "కోస్తే తెగినట్టు కాదు."

బావగారు తల్లి దగ్గరికి వెళ్లాడు. గొంతు బాగా తగ్గించాడు గానీ, అందరికీ వినబడింది.

"ఏంటమ్మా ఇది."

"తీద్దామనే కూర్చున్నాను నాయనా," అంది అత్త. "రెండుసార్లు ఏకు పెట్టాను. నా చెయ్యి అటు తిరగలేదు."

ఆయన మెడ మీది గీత తడుముకున్నాడు. ఆమె ముఖంలో మొండితనం లేదు. పరువు పోయిన మనిషి సిగ్గు ఉంది. పదిమంది ముందు పని చెడగొట్టుకున్న పనిమంతురాలి సిగ్గు. అది చూడగానే నాలో ఇన్నాళ్లూ ఆమె మీద పేరుకున్న కోపానికి నిలబడటానికి చోటు లేకపోయింది. దర్తాను వదల్లేనిది ఆమె ఒక్కతే అనుకున్నాను. ఆ రెండో ముడి ఆమె వేయలేదు.

వాకిట్లో అందరూ నన్నే చూస్తున్నారు. నేను దారం దగ్గరికి వెళ్లాను.

దారాన్ని లాగి తెంచేవాళ్లు దారం తీయనివాళ్లు. పురితో వచ్చిన బలం పురి విప్పితే పోతుంది. ఎడమచేత్తో ఒకచోట నొక్కి పట్టుకొని, జానెడు అవతల కుడిచేతి వేళ్లతో తిప్పాను, అత్త నేర్పినట్టే, తీసిన వైపుకి ఎదురు. తిప్పాను, ఇంకా తిప్పాను. దారం వదులు కాలేదు. సన్నబడి, గట్టిపడి, మెలిక తిరిగి చిన్న ముడిలా పైకి లేచింది. మణికట్టు మీది నూలు గాజు దానికి రాసుకుంది. మళ్లీ అదే వైపు తిప్పాను.

"అటు కాదు సాసీ."

తల ఎత్తాను. అత్త నా చేతుల్నే చూస్తోంది. అరుగు మీద రాట్నం దగ్గర ఎన్నోసార్లు చూసిన చూపు అది, నేను ఏకు తప్పుగా పట్టినప్పుడు చూసేది.

"అది ఒంటిపేటకి," అంది. "ఇవి రెండు పేటలు కదా. అలా తిప్పితే ఇంకా బిగుస్తుంది. ముందు ఆ రెండూ ఒకదాన్నొకటి వదలాలి. ఇటు తిప్పు."

వేళ్లతో గాల్లో చూపించింది. నేను అటు తిప్పాను. మెలిక విడింది. నా రెండు చేతుల మధ్య జానెడు మేర దారం మెత్తబడి, నడుమ సందు తెరుచుకుంది. సందులోంచి వీధి కనిపించింది, వాద్యాలవాళ్ల తెల్ల తలపాగాలు కనిపించాయి.

"అంతే. ఇప్పుడు వేలు పెట్టి విడదియ్యి."

విడదీశాను. రెండు సన్నటి పోగులు, ఒకటి నా వైపు, ఒకటి అవతల వైపు. గుమ్మం లోపల నేను ఉన్నాను, దారానికి ఆవలి పక్క ఎవరూ లేరు. అత్త కొంగు సర్దుకుంది. కెర్తి పట్టుకున్న కొమ్మ దగ్గర దారం కిందనుంచి వంగి, మెల్లగా, మోకాళ్లు పట్టుకుంటూ అవతలికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. తన వైపు పేటను రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుంది. ఆ వేళ్లకు పత్తి పీచు అంటుకునే ఉంది.

"ఇప్పుడు మొదట నువ్వు తిప్పిన వైపు," అంది. "తొందరపడకు. అదే వస్తుంది."

గంటల వాద్యం మా గుమ్మం ముందుకు వచ్చి ఆగింది. ఎవరూ వాయించడం లేదు. తెల్లగుడ్డలోని బొమ్మను బావగారు చేతుల్లోకి తీసుకున్నాడు. అత్త వేళ్లు కదలడం మొదలైంది. ఆమె పేట చివికిన దూదిలా విచ్చుకోవడం చూశాను.

నేను నా పేటను ఎదురు తిప్పాను.